రిఫరీ లేని ఆటకు చందా: చికాగో శివారులో ఒక పాడిల్ కేంద్రం

చికాగో శివారులో మేము ఆడుకునే పాడిల్ కేంద్రంలో సభ్యత్వం తీసుకోవచ్చా, తీసుకుంటే పెట్టిన డబ్బు గిట్టుబాటు అవుతుందా అని నేపర్‌విల్, అరోరా ప్రాంతాల తెలుగు మిత్రులు తరచుగా అడుగుతున్నారు కనుక, ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట వివరంగా రాస్తున్నాను. ఇక్కడ పాడిల్ అంటే ప్లాట్‌ఫామ్ టెన్నిస్. నేల నుంచి ఎత్తుగా కట్టిన వేదిక మీద, చుట్టూ బిగించిన తీగవల మధ్య, గట్టి చలిలో ఆరుబయట ఆడే ఆట ఇది. హైదరాబాదులో ఇప్పుడు జోరుగా సాగుతున్న పికిల్‌బాల్ వేరు, అద్దాల గోడల మధ్య ఆడే పాడెల్ వేరు. విన్నెట్కా, హిన్స్‌డేల్ వంటి ఊళ్ళలో ఈ ఆటకు పబ్లిక్ కోర్టులు ఉన్నాయి కానీ, నేను రాస్తున్నది వాటి గురించి కాదు. మరో ఊళ్ళో పార్క్ డిస్ట్రిక్ట్ (పార్కులు, ఆటస్థలాలు చూసే స్థానిక ప్రభుత్వ సంస్థ) నడిపే చిన్న కేంద్రం గురించి. ఇందులో ఫిర్యాదులు కూడా ఉన్నందువల్ల దాని పేరు రాయడం లేదు. అడుగుతున్నవారికి అది ఏదో ఎలాగూ తెలుసు.

ముందే తీర్పు చెబుతాను. కోర్టులకు, వాటి నిర్వహణకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆటగాళ్ళు చలి కాచుకోవడానికి కట్టిన వార్మింగ్ హట్‌కు ఐదుకు ఐదు ఇస్తాను. కొత్తవారికి ఆట నేర్పే తీరుకు మాత్రం మూడుకు మించి ఇవ్వలేను, ఆ మార్కులు ఎందుకు తగ్గాయో చెప్పడానికే ఈ సమీక్షలో ఎక్కువ భాగం పడుతుంది. ఇది దాదాపు పూర్తిగా డబుల్స్ ఆట. మా లీగ్ మ్యాచుల్లో సైతం రిఫరీ ఉండడు, లైన్ చూసేవాడు ఉండడు, కెమెరా అసలే ఉండదు. తీగవల తలుపు మూసుకున్నాక లోపల ఉన్న నలుగురి మర్యాదే చట్టం. కాబట్టి చందా కట్టేవారు తాము ఎలాంటి మనుషుల మధ్య ఆడబోతున్నారో, కేంద్రం వారికి ఏమి అలవాటు చేస్తోందో ముందుగా చూసుకోవాలి. వేదిక మీద రంగు ఎంత కొత్తదన్నది ఆ తర్వాతి సంగతి.

మర్యాద గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే ఆట స్వరూపం కొంత తెలియాలి. 1928లో న్యూయార్క్ రాష్ట్రంలోని స్కార్స్‌డేల్‌లో జేమ్స్ కాగ్స్‌వెల్, ఫెసెండెన్ బ్లాంచార్డ్ అనే ఇద్దరు మిత్రులు, చలికాలంలో కూడా ఆరుబయట ఏదో ఒక ఆట ఆడాలన్న కోరికతో ఒక చెక్క వేదిక కట్టుకున్నారు. బంతి మాటిమాటికీ బయటి మంచులో పడిపోకుండా చుట్టూ కోళ్ళ దొడ్లకు కట్టే తీగవల బిగించారు. బ్యాటూ బంతీ మాత్రం ఫ్రాంక్ బీల్ అనే ఆయన 1898లో మిచిగన్‌లోని ఆల్బియన్‌లో పిల్లల కోసం రూపొందించి, తర్వాత న్యూయార్క్‌లో ప్రచారంలోకి తెచ్చిన పాడిల్ టెన్నిస్ నుంచి వచ్చాయి. కోర్టులో ఒకసారి నేలను తాకి, ఆపై వలకు తగిలి వెనక్కి వచ్చిన బంతిని రెండోసారి నేలను తాకేలోపు కొట్టవచ్చన్న నియమం చేరడంతో ఇది దేనికీ నకలు కాని ఆట అయింది. 1934లోనే దీనికి జాతీయ సంఘం ఏర్పడింది.

కొలతలు షటిల్ ఆడేవారికి వెంటనే అర్థమవుతాయి. గీతల లోపలి స్థలం 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, అంటే అచ్చంగా షటిల్ డబుల్స్ కోర్టు. వేదిక మొత్తం 60 అడుగులకు 30 అడుగులు, తీగవల ఎత్తు 12 అడుగులు. ఇంత ఇరుకులో నలుగురు పెద్దవాళ్ళు నిలబడి, టెన్నిస్ లెక్కన స్కోరు వేసుకుంటూ, లోపల గాలి లేని స్పాంజి రబ్బరు బంతిని కొట్టుకుంటారు. బలంగా కొట్టిన బంతి కూడా వలకు తగిలి తిరిగి వస్తుంది కనుక పాయింట్ త్వరగా తెగదు. లాబ్ (ఎదుటివారి తల మీదుగా ఎత్తుగా వేసే బంతి) మీద లాబ్ వేసుకుంటూ ముప్పై, నలభై దెబ్బలు సాగిన పాయింట్ ఇక్కడ వింత కాదు. అంతసేపు రొప్పుతూ ఆడిన పాయింట్ చివరికి ఎదుటి జంట "అవుట్" అన్న ఒక్క మాట మీద తేలిపోతుంది. పైగా టెన్నిస్‌లో ఉన్నట్టు రెండో సర్వీసు లేదు. ఉన్నది ఒక్కటే, అది తప్పితే పాయింటే పోతుంది. సర్వీసు గీత దగ్గర ఎవరైనా ఆదమరచి కేక వేస్తే, ఆ నష్టాన్ని సర్దుకోవడానికి ఎదుటివారికి మరో బంతి మిగలదు.

ఇక కేంద్రం విషయానికి వస్తాను. ఒక హట్‌కు అటూ ఇటూ నాలుగు కోర్టులు ఉన్నాయి. అల్యూమినియం పలకల మీద ఇసుక చల్లినట్టు గరుకుగా ఉండే రంగు వేశారు. కాలు జారదు కానీ బూటు అడుగును మాత్రం ఒక్క సీజన్‌లో అరగదీస్తుంది. వేదిక కింద గ్యాస్ హీటర్లు ఉన్నాయి. స్విచ్ వేసి కాసేపు ఆగితే మంచు కరిగి పలకల సందుల్లోంచి బొటబొటా కిందకు కారిపోతుంది, మిగిలినదాన్ని వల అడుగున ఉన్న చిన్న తలుపులు తెరిచి బయటికి తోసేయాలి. ఈ పని సిబ్బందిది కాదు, ముందుగా వచ్చిన ఆటగాళ్ళది. తమ వంతు అయిపోయాక వేదికను తుడిచి, తలుపులు మూసి, తర్వాత ఎవరూ లేకపోతే హీటరు, దీపాలు ఆపి వెళ్ళాలని గోడ మీద రాసి పెట్టారు, చాలామంది పాటిస్తున్నారు. ఒక కోర్టులో వెనుక మూల గరుకు అరిగిపోయి నున్నబడింది, దానికి అర మార్కు తీశాను. కోర్టు బుక్ చేసుకునే యాప్ గురించి చెప్పుకోవడానికి మంచీ లేదు, చెడూ లేదు.

గీతల దగ్గర తీర్పు చెప్పే పద్ధతి ఈ కేంద్రంలో చూడదగ్గది. టెన్నిస్ కుటుంబానికి చెందిన ఆటలన్నిటిలో ఉన్నట్టే ఇక్కడ కూడా ఎవరి వైపు పడిన బంతికి వారే తీర్పరులు, అనుమానం ఉంటే లాభం ఎదుటివారిదే. ఈ మాట చెప్పడానికి తేలిక. బంతి గీతకు బయట పడిందని కంటితో చూసి ఖాయం చేసుకుంటేనే అవుట్ అనాలి. పడి ఉండవచ్చు, పడినట్టుంది అనే ఊహకు చోటు లేదు. సరిగా చూడలేదంటే అది లోపల పడినట్టే లెక్క. జంటలో ఒకరు అవుట్ అని, మరొకరు కాదని అంటే కూడా బంతి లోపలే. ఇక్కడ పాతకాపులు ఈ చివరి నియమాన్ని పాటించే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఒక లీగ్ మ్యాచ్‌లో స్కోరు సమానమై డ్యూస్ దగ్గర ఉన్నప్పుడు మా సర్వీసు గీత అంచున పడింది. సర్వీసు అందుకునే ఆయన అవుట్ అని చెయ్యెత్తాడు. సర్వీసు గీతకు ఎదురుగా, దగ్గరగా నిలబడ్డ ఆయన జోడీ మాత్రం ఏమాత్రం తటపటాయించకుండా, "లేదు, గీతను తాకింది, పాయింట్ వాళ్ళది" అని మా వైపు తిరిగి చెప్పి, తన స్థానం మార్చుకుని తర్వాతి సర్వీసుకు సిద్ధమయ్యాడు. చెయ్యెత్తినాయన కూడా మారు మాట్లాడలేదు. మ్యాచ్ వాళ్ళే గెలిచారు కానీ, ఆ రోజు హట్‌లో దాని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు. అక్కడ అది మామూలు సంగతి.

క్రికెట్‌తో పెరిగిన మనలాంటి వారికి ఇది అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది. క్రికెట్‌లో గొంతు చించుకుని అప్పీలు చేసి, తేల్చే భారం అంపైర్ మీద వదిలేయడం తప్పు కాదు. గల్లీ క్రికెట్‌లో అయితే బ్యాటింగ్ జట్టువాడే అంపైర్‌గా నిలబడతాడు, ఎల్బీడబ్ల్యూ అన్న మాటే ఎత్తనివ్వడు, చివరికి తొండి అని బ్యాటు పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయేవాడు ఒకడుంటాడు. పాడిల్‌లో అప్పీలు అనేదే లేదు, తన పాయింట్ పోయే తీర్పును తానే పైకి చెప్పాలి. బంతి రెండోసారి నేలను తాకాక కొట్టానని, ఆడుతూ కోర్టు మధ్యలోని నెట్‌ను తాకానని, బంతి తన జాకెట్ అంచుకు రాసుకుని వెళ్ళిందని ఎదుటివారికి తెలియకపోయినా ఆటగాడే చెప్పాలి. చలికాలపు దుస్తుల మందంలో ఆ చివరిది నిజంగా తగిలినవాడికి తప్ప మరొకరికి తెలిసే అవకాశమే లేదు.

తెలుగు జంటలకు మాత్రమే ఎదురయ్యే ఒక చిక్కును ఇక్కడ చెప్పడం అవసరం. లాబ్ గాలిలో ఉండగా, అది బయట పడేలా ఉంటే, జోడీకి హెచ్చరికగా ఒక మాట అరవడం సహజం. ఇక్కడివారు "బౌన్స్" అంటారు, అంటే కొట్టకుండా నేలను తాకనివ్వమని. మా గుంటూరు కుర్రాడొకడు నా జోడీగా ఆడుతూ, అలాంటి లాబ్ ఒకటి వచ్చినప్పుడు "వదిలెయ్ అన్నా!" అని కేక పెట్టాడు. బంతి గీత మీద పడింది, వలకు తగిలి వచ్చింది, నేను తిరిగి కొట్టాను. ఎదుటి జంట అప్పటికే ఆట ఆపేసి నిలబడి ఉంది. మేము అవుట్ అన్నామని వారు అనుకున్నారు. నిజానికి బంతి నేలను తాకకముందు జోడీతో అన్న మాట తీర్పు కిందికి రాదు; పట్టుబడితే పాయింట్ మాదే. అయితే తెలుగు మాట వారికి ఎలా అర్థమవుతుంది? హట్ బయట నిలబడి చూస్తున్నవారు ఒక్కరు కూడా నోరు విప్పలేదు. చూసేవారు అడగకుండా తీర్పు చెప్పకూడదు, ఆడేవారు చూసేవారిని అడగనూ కూడదు. మా కుర్రాడే ముందుకు వెళ్ళి, తాను అరిచింది హెచ్చరికేనని, అయినా వారికి అడ్డు తగిలింది కనుక పాయింట్ మళ్ళీ ఆడదామని అన్నాడు. వారు ఒప్పుకున్నారు. అప్పటి నుంచి మేము కోర్టులో ఏ భాషలో ఏమి మాట్లాడుకున్నా, స్కోరు మాత్రం సర్వీసుకు ముందు అందరికీ వినబడేలా ఇంగ్లిషులో చెప్పి, హెచ్చరికకు "బౌన్స్" అనే మాటే వాడుతున్నాం. నలుగురు ఆడేచోట ఇద్దరికి తెలియని భాషలో గుసగుసలాడి నవ్వుకోవడం కూడా బాగుండదని వేరే చెప్పనక్కర్లేదు.

నెట్ దగ్గర నిలబడ్డ మనిషి మీదికి బంతి కొట్టడం గురించి కొత్తవారు ఎక్కువగా అడుగుతారు. ఈ ఆటలో అది తప్పు కాదు. కోర్టు ఇరుకు, ఖాళీలు తక్కువ, కుడిచేతి వాటం మనిషి కుడి తుంటి మీదికి వచ్చిన బంతిని ఆడటం కష్టం, కాబట్టి అందరూ అక్కడికే గురిపెడతారు. తగిలినప్పుడు బ్యాటు కొద్దిగా పైకెత్తి చూపి, దెబ్బ గట్టిదైతే నెట్ దగ్గరికి వెళ్ళి పలకరిస్తే సరిపోతుంది. పొట్టి లాబ్ దొరికినప్పుడు రెండడుగుల దూరంలో ఉన్న మనిషి ముఖం వైపు బలమంతా పెట్టి కొట్టేవారిని మాత్రం ఇక్కడ ఎవరూ మళ్ళీ ఆటకు పిలవరు. నెట్ అంచుకు తగిలి అదృష్టవశాత్తూ అటువైపు జారిపోయిన బంతికి కూడా బ్యాటు ఎత్తి చూపుతారు, ఆ పాయింట్‌కు చప్పట్లు కొట్టుకోరు.

జంటలో బలహీనంగా ఆడేవారికే ప్రతి బంతీ కొట్టడం గురించి నా అభిప్రాయం కొంత వేరు. లీగ్ మ్యాచ్‌లో అది న్యాయమైన ఎత్తుగడ, దానికి ముఖం ముడుచుకోవడం అనవసరం. కానీ ఈ కేంద్రంలో వారాంతాల్లో ఓపెన్ ప్లే అని ఒకటి నడుస్తుంది, ఎవరైనా రావచ్చు, వచ్చినవారిని నలుగురు నలుగురుగా కలిపి ఆడిస్తారు. అక్కడ నిన్నగాక మొన్న బ్యాటు పట్టిన ఆవిడ ఒకరుంటే, అటువైపు ఇద్దరూ గంటసేపు ఆవిడ మీదే బంతులు కురిపించి గెలిచామని తృప్తిపడటం అసభ్యత. ఆవిడ జోడీకి ఆ గంటలో బంతే అందదు, ఆవిడకు ఆట మీద విరక్తి పుడుతుంది. మా కేంద్రంలో ఉన్న కొందరు పై స్థాయి ఆటగాళ్ళు ఇలాంటి చోట తమకు రాని దెబ్బలు సాధన చేస్తారు, బలమైన మనిషికి కావాలని బంతి ఇస్తారు, కొత్తవారికి లాబ్ ఎత్తుగా వేసి వెనక్కి తగ్గడానికి సమయం ఇస్తారు. వారు అదేదో దయ చేస్తున్నట్టు ముఖంలో కనిపించనివ్వకపోవడం నాకు ఇంకా నచ్చింది.

సొంత జోడీతో ప్రవర్తన గురించి హట్ గోడ మీద అంటించిన ఆట మర్యాదల కాగితంలో ఒక్క ముక్క కూడా లేదు, ఉండాల్సింది. మా తరం వారిలో కోస్తా పట్టణాల్లో బడి మైదానాల్లో బాల్ బాడ్మింటన్ ఆడి పెరిగినవారు కొందరున్నారు. జట్టుకు ఐదుగురు, వెనుక నిలబడ్డ సీనియర్ ప్రతి బంతికీ ముందున్నవారిని తిట్టడం ఆటలో భాగంగానే ఉండేది. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. తప్పిన ప్రతి బంతికీ నిట్టూర్చడం, బ్యాటు తొడకేసి కొట్టుకోవడం, "అది వదిలేయాల్సింది కదండీ" అని సలహా ఇవ్వడం ఎదుటి జంటకు ఎంత బలాన్నిస్తాయో చెప్పలేను. మిక్స్‌డ్ డబుల్స్‌లో భార్యాభర్తలు జంటగా ఆడినప్పుడు ఈ సలహాల జోరు ఇంకా పెరుగుతుంది, కారులో ఇంటికి వెళ్ళేదాకా సాగుతుంది. అందుకే కాబోలు ఇక్కడి పాత జంటలు కొన్ని సరదా ఆటల్లో భార్యాభర్తలను విడదీసి వేరే వారితో కలుపుతుంటాయి. మధ్యలో పడే బంతి ఎవరిదన్నది ముందే మాట్లాడుకుని, "నాది" అని గట్టిగా పిలిచి ఆడితే సగం గొడవలు తగ్గుతాయి. మాటిమాటికీ సారీ చెప్పడం కూడా మంచి అలవాటు కాదు. ప్రతి తప్పుకూ సారీ చెప్పే జోడీని ఓదార్చడంతోనే పక్కవాడి ఓపిక అయిపోతుంది.

హట్ గురించి ఎంత చెప్పినా తక్కువే. చిన్న గది, నాలుగు కోర్టులూ కనిపించేలా కిటికీలు, ఒక హీటరు, ఒక ఫ్రిజ్, పొడవాటి బల్ల, గోడకు కొక్కేల నిండా తడిసిన జాకెట్లు. మ్యాచ్ అయ్యాక ఆతిథ్య జట్టు అతిథి జట్టుకు తిండి, పానీయాలు పెట్టడం ఈ ఆటలో పాత ఆచారం. ఓడినవారు ముఖం మాడ్చుకుని నేరుగా కారెక్కి వెళ్ళిపోవడాన్ని ఇక్కడ పెద్ద అమర్యాదగా చూస్తారు. చివరి కోర్టులో ఆట ఇంకా సాగుతుంటే మిగిలినవారు దాన్ని చూస్తూ, తమ జట్టువారు ఆడుతున్నా తీర్పుల్లో తల దూర్చకుండా, బాగా ఆడిన పాయింట్‌కు ఇద్దరికీ చప్పట్లు కొడుతూ ఉంటారు. శాకాహారులకు మొదట్లో ఇబ్బందే. పెద్ద కుండలో పొగలు కక్కుతూ ఉండే చిల్లీ అనే అమెరికన్ కూరలో గొడ్డు మాంసం ఉంటుంది, పక్కన చిప్స్ తప్ప ఏమీ ఉండేవి కావు. మా వంతు వచ్చినప్పుడు పులిహోర, మిర్చి బజ్జీలు తీసుకెళ్ళాం. బజ్జీలు బల్ల మీద పెట్టిన కాసేపటికే అయిపోయాయి. పులిహోరలో కరివేపాకు తినాలా, పక్కన పెట్టాలా అన్న చర్చ మాత్రం చాలాసేపు నడిచింది. ఇప్పుడు మా జట్టు కెప్టెన్ మ్యాచ్‌కు ముందు పంపే సందేశంలోనే ఎవరు ఏమి తినరో అతిథి జట్టును అడుగుతున్నాడు. వచ్చిన ప్రతి అతిథికీ కాస్త అన్నం పెట్టి పంపే మన ఇళ్ళ నుంచి వెళ్ళినవారికి ఈ హట్ పరాయిగా అనిపించదు.

ఇక మార్కులు తగ్గించిన సంగతి. సీజన్ మొదట్లో కొత్తవారికి క్లినిక్ అని పాఠాలు పెడతారు. నేర్పే కోచ్ ఆటలో గట్టివాడు. మూలలో రెండు వలలకు తగిలి తిరిగే బంతిని ఎక్కడ నిలబడి అందుకోవాలో, లాబ్‌ను తీగవల పైకి పోకుండా ఎంత ఎత్తులో వేయాలో చక్కగా చూపించాడు. అన్ని పాఠాల్లోనూ గీత దగ్గర ఎవరు తీర్పు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. ఆ కాగితం హట్ గోడ మీద ఉందని కూడా చెప్పలేదు. ఫలితం ఓపెన్ ప్లేలో కనిపిస్తుంది. కొత్తవారు పక్క కోర్టులో పాయింట్ సాగుతుండగానే తీగవల తలుపు తీసి లోపలికి వస్తారు, ఆ చప్పుడుకు ఆడేవారు తల తిప్పుతారు. ఎదుటి వైపు పడిన బంతికి 40 అడుగుల దూరం నుంచి తామే తీర్పు చెబుతారు. స్కోరు చెప్పకుండా సర్వీసు చేస్తారు, మూడు పాయింట్లు అయ్యాక లెక్క దగ్గర వాదన మొదలవుతుంది. బంతి పట్టుకోవడానికి ఎదుటివారు వంగి ఉండగానే సర్వీసు చేసేవాళ్ళూ ఉన్నారు. వీరిలో చెడ్డవారు ఎవరూ లేరు, చెప్పినవారు లేరు అంతే. మొదటి పాఠంలో పావుగంట కేటాయించి, కోర్టులోకి ఎప్పుడు వెళ్ళాలి, ఎవరి గీత ఎవరిది, రెండు అభిప్రాయాలు వస్తే ఏమి చేయాలి అన్నవి నలుగురిని నిలబెట్టి ఆడించి చూపితే ఈ బాధ చాలావరకు తీరుతుంది. దీనికి వేరే ఖర్చు కూడా లేదు.

రెండో ఫిర్యాదు కార్యాలయం మీద. బయటి నుంచి వచ్చిన ఒక జంట మా జట్టుతో లీగ్ మ్యాచ్ ఆడుతూ, స్కోరు దగ్గరగా ఉన్నప్పుడల్లా గీత మీద పడిన బంతులను అవుట్ అంటూ వచ్చింది. ఇలాంటి చోట చేయదగిన మర్యాదైన పని ఒక్కటే ఉంది, "ఖాయంగా చూశారా?" అని ఒకసారి అడగడం. వారు అవునంటే ఊరుకుని తర్వాతి పాయింట్‌కు వెళ్ళాలి. ప్రతీకారంగా మనమూ లోపలి బంతులను అవుట్ అనడం మొదలుపెట్టకూడదు. మావాళ్ళు అలాగే చేశారు, ఓడిపోయారు, హట్‌లో వారికి తిండి కూడా పెట్టారు. తర్వాత ఆ సంగతిని కేంద్రం కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేస్తే, అది లీగ్ చూసుకోవాల్సిన విషయమని రెండు వాక్యాల జవాబు వచ్చింది. లీగ్‌ను అడిగితే కెప్టెన్లు మాట్లాడుకోవాలన్నారు. చివరికి మా కెప్టెన్ అవతలి కెప్టెన్‌కు ఫోన్ చేసి, ఎవరి పేరూ చెడగొట్టకుండా, "మీవాళ్ళు సర్వీసు గీతకు మరీ వెనుక నిలబడి చూస్తున్నట్టున్నారు" అని చెప్పాడు, ఆయన కూడా అర్థం చేసుకున్నాడు. పని జరిగింది కానీ, జరిపించింది కెప్టెన్ సంస్కారం. చందా తీసుకునే కేంద్రం తన కోర్టుల్లో జరిగే ఆటకు కనీసం ఆ మాత్రం పూచీ పడాలని నా అభిప్రాయం.

చందా విషయంలో ఫిర్యాదు లేదు. చలికాలంలో ఈ చుట్టుపక్కల ఇండోర్ టెన్నిస్ కోర్టులకు కట్టే అద్దెతో పోలిస్తే ఇది చాలా తక్కువకు వస్తుంది, బ్యాట్లు మొదట్లో కేంద్రమే అరువిస్తుంది, అవి పాతవి అయినా నేర్చుకోవడానికి చాలు. షటిల్ డబుల్స్ ఆడినవారికి కోర్టు కొలతలు, జోడీతో కదలిక ముందే తెలుసు కనుక త్వరగా పట్టుబడుతుంది. బలంగా కొట్టి పాయింట్ ముగించాలనే తొందర ఉన్నవారు మొదటి నెల కాస్త విసుగుపడతారు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు డాక్టరును అడిగి రావడం మంచిది, ఎందుకంటే వెనక్కి తిరిగి వల మూలకు పరుగెత్తే పని ఎక్కువ. సీజన్ అక్టోబరు నుంచి మార్చి వరకు ఉంటుంది. చేరాలనుకునేవారు డబ్బు కట్టే ముందు ఒక లీగ్ మ్యాచ్ ఉన్న సాయంత్రం వచ్చి, హట్ కిటికీ దగ్గర కూర్చుని ఒక సెట్ పూర్తిగా చూడండి. క్లినిక్‌లో చేరితే మొదటి రోజే గోడ మీది కాగితం గురించి కోచ్‌ను అడగండి. పలుచని చేతి తొడుగులు, అడుగు గరుకుగా ఉన్న బూట్లు మీరే తెచ్చుకోవాలి; హట్‌లో టీ కాచుకోవడానికి కెటిల్ ఉంది కానీ టీ పొడి ఉండదు.